డైరీ కోసం చేరకండి: ఒక రిటైర్డ్ టీచరమ్మ అనుభవ పాఠాలు

మెగా డీఎస్సీ-2025లో టీచరు ఉద్యోగం వచ్చిన మా మేనకోడలు, బడిలో చేరిన కొద్దిరోజులకే ఫోన్ చేసింది. "అత్తా, మూడు సంఘాల వాళ్లు వచ్చి వెళ్లారు. ముగ్గురూ డైరీ, క్యాలెండరు ఇస్తామంటున్నారు. ఎవరి దగ్గర రసీదు రాయించుకోను?" అంది. డైరీ సంగతి తర్వాత చూద్దాం, ముందు సంఘం దేనికో తెలుసుకో అన్నాను. అది ఫోన్లో తేలే విషయం కాదు. నెలకు 398 రూపాయలిచ్చే రోజుల్లో స్పెషల్ టీచరుగా చేరి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని కాబట్టి నాకు తెలిసింది వరుసగా రాస్తున్నాను. ఏ సంఘంలో చేరాలో మాత్రం చెప్పను. చెబితే మిగతా రెండు సంఘాల వాళ్లూ ఇది చదవరు.

1. ముందు మీ ఎస్సార్ చూసుకోండి

సంఘం అనగానే జెండాలు, ధర్నాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది సర్వీస్ రిజిస్టరు, అదే ఎస్సార్. మన ఉద్యోగం మొత్తం అందులోనే ఉంటుంది. ఇంక్రిమెంటు, సెలవు, బదిలీ, పే ఫిక్సేషన్, ఏపీజీఎల్ఐ పాలసీ, అన్నీ అందులో ఎక్కాలి, పక్కన డీడీఓ సంతకం పడాలి. వీటికితోడు ఏటా ఒక ధ్రువీకరణ ఉండాలి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సర్వీసును పే బిల్లులతో సరిచూశాం అని. ఆ రెండు వరసలు లేకపోతే పదవీ విరమణ నాడు పెన్షన్ కాగితాలు ఏజీ ఆఫీసు నుంచి అభ్యంతరంతో తిరిగొస్తాయి.

నాతో పనిచేసిన ఒకావిడకు అదే జరిగింది. మధ్యలో కొన్నేళ్లపాటు ఏ అధికారీ ఆ ధ్రువీకరణ రాయలేదు. అప్పుడు చదువు చెప్పిన బడి ఇంకో బడిలో కలిసిపోయింది, పాత కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయో తెలియదు. ఆఫీసులో అడిగితే "మీరే తెచ్చుకోండమ్మా" అన్నారు. మా మండల శాఖలో ఒక పెద్దాయన ఉండేవారు. సభల్లో మైకు పట్టుకున్న మనిషి కాదు. ఆదివారం పూట చాప వేసుకుని అక్విటెన్స్ రోల్స్ కట్టలు విప్పి, దుమ్ము దులిపి, నెలనెలా ఆవిడ సంతకం ఎక్కడుందో వెతికి, పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోయారు. ట్రెజరీ నుంచి మిగతావి తెప్పించారు. పెన్షన్ వచ్చింది. ఆయనకు దండ ఎవరూ వేయలేదు.

ఇప్పుడు ఈ-ఎస్సార్ అంటున్నారు కదా, ఈ గొడవలేమీ ఉండవనుకోకండి. కంప్యూటరులోకి ఎక్కేది ఆ పుస్తకంలో ఉన్నదే. కొత్తవాళ్లయితే ఎస్సార్‌తో పాటు ప్రాన్ అనే పెన్షన్ ఖాతా కూడా చూసుకోవాలి. జీతంలో కోసింది, ప్రభుత్వం వేయాల్సిన వాటా, రెండూ నెలనెలా జమ అవుతున్నాయా అని.

2. సిఫారసు ఉత్తరం పోయి సీనియారిటీ జాబితా వచ్చింది

కౌన్సెలింగ్ రాకముందు బదిలీ అంటే ఎమ్మెల్యే గారి ఇంటిముందు పడిగాపులు. మొగుడు ఒక ఊళ్లో, తను ఇంకో ఊళ్లో, చంకలో పిల్లతో నిలబడ్డ ఆడవాళ్లను చూశాను. ఉత్తరం దొరికినవాడు రోడ్డు పక్క బడికి వెళ్లేవాడు, దొరకనివాడు ఏరు దాటాల్సిందే. సంఘాలు ఏళ్లతరబడి అడిగితేనే పాయింట్లు, ఖాళీల జాబితా, సీనియారిటీ వరుస బయటికి వచ్చాయి. కౌన్సెలింగ్ హాలు బయట సంఘం వాళ్లు జిరాక్స్ కాగితాలు పంచి, ఒక్కో ఖాళీ నిండినప్పుడల్లా గట్టిగా అరిచి చెబుతుంటే, చెట్టుకింద కూర్చున్న మేమంతా పెన్నుతో కొట్టేసుకుంటూ పోయేవాళ్లం. లోపల ఏ పోస్టయినా దాచిపెడితే ఆ అరుపుల్లోనే పట్టుబడేది. వెబ్ కౌన్సెలింగ్ వచ్చాక ఇంట్లో కూర్చుని ఆప్షన్లు పెట్టుకోవచ్చు గానీ, జాబితాలో తప్పు దొర్లితే అభ్యంతరం ఎవరికి, ఎన్నాళ్లలోగా పెట్టాలో చెప్పేది ఇప్పటికీ సంఘం వాళ్లే.

3. "మనకు వర్తించదులే" అన్న రోజే నష్టం మొదలవుతుంది

2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, కంట్రిబ్యూటరీ పెన్షన్ (సీపీఎస్) అన్నారు. జీతంలో పది శాతం కోత. అప్పటికి ఉద్యోగంలో ఉన్నవాళ్లం లక్షల్లో ఉన్నాం. మా పెన్షన్ మాకుంది. సంఘాలు తీర్మానాలు చేశాయి, వినతిపత్రాలిచ్చాయి. సమ్మె దాకా మాత్రం వెళ్లలేదు. నష్టపోయేవాళ్లు అప్పటికింకా స్టాఫ్‌రూములో లేరు మరి. డీఎస్సీ-2003 వాళ్ల సంగతి మరీ అన్యాయం. నోటిఫికేషన్ పాత పెన్షన్ రోజుల్లో వచ్చింది, ఆర్డర్లు చేతికొచ్చేసరికి గీత దాటిపోయింది. ఆ ఒక్క ముక్క మీద వాళ్లు ఇన్నేళ్లుగా తిరుగుతూనే ఉన్నారు. సీపీఎస్ వాళ్ల సంఖ్య పెరిగాకే పాత పెన్షన్ డిమాండు రోడ్డెక్కింది. అప్పటికి చట్టాలు, ఖాతాలు, కోట్ల నిధులు అన్నీ పాతుకుపోయాయి. 2023లో ఆంధ్రప్రదేశ్ గ్యారంటీడ్ పెన్షన్ (జీపీఎస్) చట్టం తెచ్చింది గానీ, అది పాత పెన్షన్ కాదు.

మా 398 కథా అంతే. ఆ జీతంతో చేసిన సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం మాలో కొందరు తల నెరిసేదాకా తిరిగారు. వచ్చిన రోజు ఆపలేనిదాన్ని తర్వాత తీసేయించడం పది రెట్లు కష్టం.

4. ఒప్పందం మీద మీరూ మాట్లాడాలి

2022 ఫిబ్రవరి 3న "చలో విజయవాడ"కు జనం పోటెత్తారు. పోలీసులు ఎక్కడికక్కడ ఆపుతున్నారని వేషాలు మార్చుకుని వచ్చినవాళ్లున్నారు. మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటున్నవాళ్లకు పీఆర్సీ ఫిట్‌మెంట్ 23 శాతం అన్నారు, ఇంటద్దె తగ్గించారు. ఆ కోపం అది. రెండు రోజుల తర్వాత చర్చలు జరిగాయి, సమ్మె ఆగింది. ఇంటద్దె శ్లాబులు కొంత మెరుగుపడ్డాయి, 23 మాత్రం 23 గానే ఉంది. ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు, ఆ పోరాటాన్ని నడిపిన స్టీరింగ్ కమిటీలోని టీచర్ల నాయకులు రాజీనామా చేశారు.

ఎవరు రైటు అని ఇప్పటికీ వాదనలున్నాయి. నా మట్టుకు నాకు, అసమ్మతి తెలిపినవాళ్లదే న్యాయమనిపించింది. అయితే సమ్మె మాటెత్తేవాళ్లు 2003 నాటి తమిళనాడును కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ దాదాపు 1.7 లక్షల మంది ఉద్యోగులను, టీచర్లను ప్రభుత్వం ఒక్క దెబ్బకు తీసేసింది. సమ్మె ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు చెప్పింది, చాలామంది క్షమాపణ రాసిచ్చి మళ్లీ చేరాల్సి వచ్చింది. అందుకే ఎక్కడ నిలబడాలో, ఎక్కడ ఆగాలో మండల సమావేశంలోనే తేలాలి. మనం దానికి డుమ్మా కొట్టి, వాట్సాప్‌లో నాయకుల్ని తిడితే ఏం లాభం?

5. పాఠం చెప్పని నాయకుడి వెనక నడవకండి

ఓడీ (ఆన్ డ్యూటీ) పేరుతో నెలలో సగం రోజులు బడి ముఖం చూడని నాయకులున్నారు. ఊళ్లో తల్లిదండ్రులు అంతా చూస్తూనే ఉంటారు. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూళ్లకు తరలించినప్పుడు, మాస్టారు బాగా చెప్పే ఊళ్లలో తల్లులే బడి గేటు ముందు కూర్చున్నారు. మిగతా ఊళ్లలో టీచర్లు ఒంటరిగా ధర్నా చేసుకున్నారు.

6. సమావేశం ఎన్నింటికి పెట్టారో చూడండి

సాయంత్రం ఆరు తర్వాత జిల్లా కేంద్రంలో పెడితే ఆడవాళ్లు రారు. రాకపోతే వాళ్ల డిమాండ్లు తీర్మానంలో చివరి వరుసలో చేరతాయి. పిల్లల సంరక్షణ సెలవు కేంద్ర ఉద్యోగులకు 2008లోనే 730 రోజులు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 దాకా లేదు. వచ్చినప్పుడు 60 రోజులు, 2022లో 180 అయింది. ఈ తేడాకు సమావేశాల వేళలు కూడా ఒక కారణమని నా గట్టి నమ్మకం.

7. సొంత కొట్లాటల ఖర్చు

ప్రభుత్వ టీచర్లు, పంచాయతీరాజ్ టీచర్లు అని మనలో రెండు పాయలు. ఏకీకృత సర్వీసు నిబంధనల కోసం 2017లో రాష్ట్రపతి ఉత్తర్వుల దాకా తెచ్చుకున్నాం. మనవాళ్లే కోర్టుకు వెళ్లారు, 2018లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఈలోగా ఎంఈఓ పోస్టులు ఇన్‌ఛార్జిలతో నడిచాయి. ఒక్కో హెడ్మాస్టరు తన బడితో పాటు మండలాలు మోశాడు. ఇంతకంటే చెప్పను, రెండు వైపులా నాకు స్నేహితులున్నారు.

8. గేటు లోపల ఉన్నవాళ్లంతా బడి సిబ్బందే

మన సంఘాలకు నేను మార్కులు తగ్గించేది ఇక్కడే. మధ్యాహ్న భోజనం వండే అమ్మకు కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి, అదీ ఏడాదిలో పది నెలలకే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మూడు వేలయింది. ఆ పెంపు వంటమ్మల సంఘాలు రోడ్డు మీద కూర్చుంటే వచ్చింది. మనం పక్కనుంచి చూసి, వాళ్లు వండిన అన్నం తిని వెళ్లాం. మరుగుదొడ్లు కడిగే ఆయమ్మకు ఆరు వేలు. ఆమె జీతం బకాయి పడితే అడిగే పెద్ద దిక్కు హెడ్మాస్టరే. ఆ హెడ్మాస్టరు సంఘం సభ్యుడైతే ఆ మాట మండల సమావేశంలో ఎత్తాలి కదా?

ప్రైవేటు బడి టీచర్లది ఇంకో గతి. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు "వర్క్‌మన్" కాదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. కరోనాలో బడులు మూతపడి జీతాలు ఆగినప్పుడు వాళ్లలో కొందరు కూరగాయలమ్మారు. తెలంగాణ ప్రభుత్వం 2021లో నెలకు రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అయినా వాళ్లకు సంఘం పనికిరాదని అనుకోకండి. గ్రాట్యుటీ కథ వినండి. అహ్మదాబాద్‌లోని ప్రైవేటు ప్రైమరీ టీచర్ల సంఘం గ్రాట్యుటీ కోసం కోర్టుకెక్కింది. 2004లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ఆ తీర్పులోని చిక్కు తీయడానికే పార్లమెంటు 2009లో గ్రాట్యుటీ చట్టం సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి టీచర్లకూ వర్తించేలా చేసింది. యాజమాన్యాలు దాన్ని సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు సవరణనే సమర్థించింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు, యాజమాన్యం ఎందుకు పెడుతుంది? ప్రైవేటు బడిలో ఉన్న పిల్లలకు నేను చెప్పేది ఇది. అపాయింట్‌మెంట్ ఆర్డరు రాతలో అడగండి. జీతం చేతికి కాకుండా బ్యాంకులో వేయమనండి. ఆ స్టేట్‌మెంట్లు, హాజరు పట్టీ ఫొటోలు దాచుకోండి. ఒక్కరే అడిగితే మరుసటి ఏడాది మీ పేరు టైంటేబుల్లో ఉండకపోవచ్చు. కాబట్టి స్టాఫ్‌రూములో అందరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వండి.