చమురు నిక్షేపానికి గళ్ళు గీయడం ఎలా?



ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదివే మన రూపనగుడి పిల్లలు "మీ ఉద్యోగం ఏమిటి?" అని అడిగితే "గళ్ళు గీస్తాను" అంటాను. నవ్వుతారు. నిజానికి అదే నా పని.

చమురు భూమి లోపల చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాతి సూక్ష్మ రంధ్రాలలో ఇంకి ఉంటుంది. ఆ రాతిని కంప్యూటరులో చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడికి పీడనం, రంధ్రాల శాతం, నీటి పాలు వంటి అంకెలు ఇస్తాం. పక్క గడికి ఎంత ప్రవహిస్తుందో డార్సీ సూత్రం చెబుతుంది. పొలంలో ఒక మడి నుండి గెనిమ దాటి ఇంకో మడికి నీరు పారినట్లే.

3 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు, 50 మీటర్ల మందం ఉన్న నిక్షేపాన్ని 100 మీటర్ల గడులుగా, 5 మీటర్ల పొరలుగా కోస్తే 6,000 గడులు. అన్ని వైపులా సగం చేస్తే 48,000. లెక్క ఎనిమిదింతలు, కాలపు అంగలు కూడా కుదించాలి కనుక ఇంకా ఎక్కువ. అందుకని పెద్ద గడులతో సరిపెట్టుకోబోతే చిక్కులు వస్తాయి. మధ్యలోని పలుచని బంకమట్టి పొర లెక్కలో మాయమవుతుంది. గళ్ళ గీతల వెంబడి నీరు త్వరగానూ, మూలగా ఆలస్యంగానూ చేరినట్లు కనబడుతుంది. రాతికి ఆ పక్షపాతం లేదు! బావి వ్యాసార్ధం పది సెంటీమీటర్లు, గడి నూరు మీటర్లు. కనుక గడి పీడనం బావి పీడనం కాదు. చదరపు గడిలో అది బావి నుండి గడి వెడల్పులో సుమారు అయిదోవంతు దూరాన ఉండే పీడనమని 1978లో పీస్‌మన్ చూపాడు. మేము నేటికీ వాడే సూత్రమది.

ఇదంతా దేనికంటే, కోట్ల రూపాయల నిర్ణయాలు ఈ అంచనాల మీదే నిలుస్తాయి. కృష్ణా-గోదావరి బేసిన్ సముద్రంలో 2002లో కనుగొన్న డి-6 గ్యాసును రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయాలని ప్రణాళిక. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, 2010లో సుమారు 6 కోట్లకు చేరి, ఆపై వేగంగా పడిపోయింది. ఆ మొదటి క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. దానికి గళ్ళే కారణమని నేననడం లేదు. కారణాలపై పెద్ద వివాదమే నడిచింది. అంచనా తప్పితే దెబ్బ ఎంతటిదో తెలియాలనే చెప్పాను.

ఇంటర్ చదివేవారు ఈ లెక్క చేసి చూడండి. వరుసగా పది గడులు గీసి, మొదటిదానిలో 1,024 చెంబుల నీరు ఉందనుకోండి. ప్రతి విడతలో ప్రతి గడిలోని నీటిలో సగం పక్క గడికి పంపండి. అంటే విడతకు అర గడి వేగం. పదో గడికి నీరు 18వ విడతలో చేరాలి. మీ కాగితం మీద 9వ విడతకే అక్కడ 2 చెంబులుంటాయి. ఇప్పుడు అదే దూరాన్ని ఇరవై గడులుగా చేసి మళ్ళీ వేయండి.