ఉక్కపోతలో పొలము పని



వేసవి బాధకు మన భాషలో రెండు మాటలున్నవి. ఒకటి వడ, రెండవది ఉక్క. పల్నాటిలో రెంటచింతల వైపున మధ్యాహ్నము వీచునది వడగాలి. అది ముఖమునకు కొలిమి సెగవలె తగులును, పెదవులు పగులును, చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోవును. బాపట్ల, రేపల్లె, మచిలీపట్నము ప్రాంతములలో సముద్రపు తేమను నింపుకొని, ఆకు కదలకుండ నిలిచిపోవు గాలి ఉక్క. అక్కడ చొక్కా పిండిన నీరు కారును గాని ఒళ్ళు చల్లబడదు. మనవారు వడకు భయపడుదురు. వడగాలి వీచునప్పుడు తలుపులు మూసికొని ఇంటిపట్టున నుందురు. ఉక్కకు మాత్రము విసుగుకొందురే గాని భయపడరు. "ఎండ అంతగా లేదుగా" అని తట్ట, పార తీసికొని పోవుదురు. ఈ మాటవలన ఎంత కీడు కలుగుచున్నదో చెప్పుటకే ఈ వ్యాసము.

2015వ సంవత్సరము మే నెలాఖరున వచ్చిన వేడిమికి ఆంధ్రప్రదేశములో వెయ్యిమందికి పైగా, తెలంగాణములో వందలమంది మరణించిరి. ఆంధ్రప్రదేశమునకు సంబంధించినంతవరకు, అప్పటి జిల్లాల లెక్కలు చూచినచో మృతులలో ఎక్కువమంది కోస్తా జిల్లాలవారే. ఎండలకు పేరుపడిన రాయలసీమలో సంఖ్య అంతకంటె చాల తక్కువ. కోస్తాలో జనము ఎక్కువ, నిజమే. అయినను అది ఒక్కటే కారణమనుకొని ఊరకుండుటకు వీలులేదు. వాతావరణ శాఖవారు కూడ ఈ తేడాను గుర్తించియే వడగాడ్పుల హెచ్చరికకు మైదానములలో 40 డిగ్రీల సెంటిగ్రేడును, సముద్రతీరమున 37 డిగ్రీలనే కనీసపు గుర్తుగా పెట్టుకొన్నారు.

కుండ చెప్పు పాఠము

మీ ఇంటిలోని నీళ్ళ కుండను చూడుడు. కుండ గోడనుండి ఊరిన నీరు పైన ఆవిరియై పోవుచు లోపలి నీటి వేడిని తనతో తీసికొనిపోవును. గాలి పొడిగానున్న దినమున మధ్యాహ్నమునకు నీరు చల్లగా నుండును. ఉక్కపోసిన దినమున అదే కుండ, అదే నీడ, అదే ఇసుక. కాని నీరు గోరువెచ్చగానే యుండును. గాలియందు అప్పటికే తేమ నిండియున్నందున కుండ చెమ్మను అది తీసికొనజాలదు.

మన శరీరము కూడ ఇట్టి కుండయే. కష్టించి పనిచేయునప్పుడు కండరములలో పుట్టిన వేడి చెమట ద్వారా బయటికి పోవలెను. అయితే చెమట పట్టుటవలన ఒళ్ళు చల్లబడదు, చెమట ఆరుటవలన చల్లబడును. ఒక లీటరు చెమట ఒంటిమీదనే ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడి పోవును. మంచువలె చల్లనైన నీటిని ఆరు లీటర్లదాక మరిగించుటకు దరిదాపు అంత వేడి కావలెను. అదే లీటరు చెమట ముక్కు చివరనుండి, మోచేతులనుండి బొట్లు బొట్లుగా నేల రాలినచో ఒంట్లోని నీరు, ఉప్పు పోవును గాని వేడి పోదు. ఉక్కలో జరుగునది ఇదే. కారుచున్న చెమటను చూచి "బాగా చెమటపోసింది, ఇక భయము లేదు" అనుకొనుట పొరపాటు.

దీనిని మీ ఊరి బడిలోనే పరీక్షించి చూడవచ్చును. ప్రయోగశాలలో వాడు ఉష్ణమాపకములు రెండు తీసికొనుడు. జ్వరము చూచునవి పనికిరావు. ఒకదాని గుండునకు పలుచని నూలుగుడ్డ చుట్టి తడిపి, రెంటిని నీడలో వ్రేలాడగట్టి విసనకర్రతో విసరుడు. తడిగుడ్డ చుట్టినది తక్కువ వేడిని చూపును. పొడిగాలిలో 44 డిగ్రీల వేడి, 20 శాతము తేమ యున్నచో తడిది సుమారు 25 డిగ్రీలకు దిగును. తీరమున 36 డిగ్రీల వేడి, 65 శాతము తేమ యున్నచో తడిది 30 డిగ్రీలవద్దనే ఆగిపోవును. ఎనిమిది డిగ్రీలు తక్కువ ఎండగల చోట శరీరము చల్లబడుట కష్టతరమగుట చూచితిరా? పల్నాటి ఎండ మంచిదని దీని భావము కాదు. అది ఒంట్లో నీటిని పీల్చివేసి చంపును, ఇది వేడిని బయటికి పోనీయక చంపును.

తడి కొలత 35 డిగ్రీలకు చేరినచో ఎంతటి ఆరోగ్యవంతుడైనను నీడలో ఊరక కూర్చుండి కూడ కొన్ని గంటలకు మించి బ్రతుకజాలడని శాస్త్రజ్ఞులు 2010లో లెక్కకట్టిరి. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యముగల యువకులను పరీక్షింపగా, ఇంటి పనులవంటి తేలిక పనికే 30, 31 డిగ్రీల వద్ద శరీరపు వేడి అదుపు తప్పసాగినది. మన పని గడ్డపార పని, బస్తాల పని. కాబట్టి మేమిచ్చు సలహా ఇది: తడి కొలత 28 దాటినచో గంటలో సగము సేపు విశ్రాంతి యుండవలెను, 30కి చేరినచో బరువు పని ఆపవలెను. బడిపిల్లలచేత దినమునకు రెండుసార్లు కొలత తీయించి పంచాయతీ పలకమీద వ్రాయించిన సర్పంచిగారికి అయ్యెడి ఖర్చు రెండు గాజు గొట్టములే.

ఉక్క దాగియుండు చోట్లు

ఉక్క అన్నిచోట్ల ఒకే తీరున నుండదు. తలదాటి పెరిగిన మొక్కజొన్న, చెరకు చేలలో గాలి చొరదు. ఆయిల్‌పామ్ తోటలలో నీడ యున్నదని ధైర్యము కలుగును గాని, తడిపిన పాదులనుండి, ఆకులనుండి లేచిన తేమ ఆ నీడలోనే నిలిచియుండును. గెలలు కోయువాడు బయటివానికంటె ముందుగా అలసిపోవుట అందుచేతనే. రేకుల కప్పుగల ధాన్యపు గిడ్డంగి మరొకటి. రోహిణి కార్తె చివర తొలిజల్లు పడిన మరునాడు కూడ జాగ్రత్తగా నుండవలెను. పదును తప్పిపోవునను తొందరలో అందరము అరకలు కట్టుదుము. ఎండ తగ్గినట్లుండును, నేల ఆవిరి కక్కుచుండును.

సముద్రమునకు దగ్గరగా నున్నవారు తెల్లవారుజామున తేమ ఎక్కువ గనుక పొద్దెక్కిన పిదప పని మేలని వాదించుట కలదు. తెల్లవారుజామున తేమ శాతము ఎక్కువే. కాని వేడి తక్కువ, నెత్తిన ఎండ లేదు. మొత్తముమీద శరీరమునకు అదే సులభమైన వేళ. అయిదు గంటలకు దిగి పది గంటలకు గట్టెక్కుట మంచిది. మిగిలిన పని సాయంత్రము నాలుగున్నర తరువాత చూచుకొనవచ్చును. తీరప్రాంతమున రాత్రులు కూడ చల్లబడవు. రేకుల ఇంటిలో నిద్రలేక దొర్లినవాని ఒంట్లో నిన్నటి అలసట తీరక యుండును. అట్టివానికి ఉదయమున బరువు పని చెప్పరాదు.

పురుగుమందు చల్లుటకు నిండుగా గుడ్డలు, చేతొడుగులు వేసికొనక తప్పదు. అవి చెమటను ఆరనీయవు. తడిసిన చర్మము మందును త్వరగా పీల్చును. ఉక్క దినములలో మందు పని తెల్లవారుజాముననే ముగియవలెను. తక్కిన పనులకు వదులైన నూలుబట్టలు, నీటిలో తడిపిన తలగుడ్డ చాలును. చీరమీద మగవారి చొక్కా తొడుగుకొని కలుపు తీయు అక్కలు పాలియెస్టరు చొక్కా మాని పాత నూలు చొక్కా వేసికొనవలెను.

క్రొత్తగా దిగినవాడు

పనిచోట వడదెబ్బ మరణములలో సగము మొదలు 70 శాతము వరకు పనిలోదిగిన మొదటి కొద్ది దినములలోనే జరుగుచున్నవని అమెరికా కార్మిక రక్షణ శాఖవారు చెప్పుచున్నారు. మన ఊళ్ళలో క్రొత్తవాడెవడు? సెలవులకు వచ్చిన కాలేజీ కుర్రవాడు, పట్నమున ఏసీ గదిలో పనిచేసి పెండ్లికి వచ్చి నాన్నకు సాయముగా చేను దిగిన కొడుకు, జ్వరము పడి లేచినవాడు. వీరు పాతవారితో సమానముగా చేయవలెనని పంతమునకు పోవుదురు. శరీరము వేడికి అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. అప్పుడు చెమట త్వరగా పట్టును, చెమటలో పోవు ఉప్పు తగ్గును, గుండెకు శ్రమ తగ్గును. కాబట్టి క్రొత్తవానిచేత మొదటి దినము పూర్తి పనిలో అయిదవ వంతే చేయించి, ప్రతిదినము మరి అయిదవ వంతు పెంచవలెను. పాతవాడే కొన్ని వారములు మాని తిరిగి వచ్చినచో మొదటి దినము సగము పని చాలును. నాలుగవ దినమునకు పూర్తి పనికి రావచ్చును.

గుత్త పనిని గురించి ఒక మాట చెప్పక తప్పదు. దినకూలి మనిషి ఒళ్ళు తిరిగినచో కూర్చుండును. గుత్తకు ఒప్పుకొన్నవాడు కూర్చుండడు. ఆగిన ప్రతి నిముషము అతని చేతి డబ్బే. "ఎండపడక ముందే ముగించుకొని పొండి" అని చెప్పు ఆసామి, ముగియకపోయినచో రేపు చేయవచ్చునని కూడ చెప్పవలెను.

నీరు త్రాగుట

దాహము వేయువరకు ఆగరాదు. పావుగంటకో, ఇరువది నిముషములకో ఒక గ్లాసు, అనగా పావు లీటరు చొప్పున త్రాగవలెను. గంటకు లీటరు చాలును. ఒకేసారి చెంబులకొలది ఉత్తనీరు పోసికొన్న రక్తములో ఉప్పు పలుచబడి వేరొక ప్రమాదము వచ్చును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, చద్దన్నపు నీరు, రాగి అంబలి మనకు తెలిసినవే. వానిని మించినది లేదు. చెమట మిక్కిలిగా పోయినవారికి ఆశా కార్యకర్త వద్ద దొరకు ఓఆర్ఎస్ పొట్లము లీటరు నీటిలో కలిపి యీయవలెను. పొట్లము లేనిచో లీటరు మంచినీటికి తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ కారాదు. రక్తపోటు, మధుమేహము కలవారు తమ వైద్యుని అడిగి వేసవికి ముందే ఏర్పాటు చేసికొనవలెను. కల్లు, సారా ఒంట్లోని నీటిని బయటికి తోయును. జేబులో ఉల్లిపాయ పెట్టుకొన్నవారిని చూచితిమి. దానిని అన్నములో నంజుకొన్న కొంత లాభము కలదు.

నీరు త్రాగుమని చెప్పుట సులభము. ఆడకూలీలు ఉదయమునుండి గ్రుక్కెడు నీరు త్రాగకుండ పనిచేయుట మీరెరిగినదే. చాటు లేదు గనుక వారు త్రాగరు. నాలుగు కర్రలు పాతి తడిక కట్టించినచో ఈ బాధ తీరును. 2005 నాటి ఉపాధి హామీ చట్టములోనే పనిచోట త్రాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండవలెనని వ్రాసిరి. చాటును గురించి కూడ పంచాయతీ కార్యదర్శులు శ్రద్ధ వహింపవలెను.

మాట తడబడినచో

పిక్కలు పట్టుట, తలనొప్పి, వాంతి, కన్నులు తిరుగుట వచ్చినచో పని ఆపి నీడకు చేర్చి ఉప్పు కలిపిన నీరీయవలెను. అసలు ప్రమాదము తల పనిచేయుటలో తెలియును. అందుకే ఇద్దరిద్దరు జతగా పనిచేయవలెను. మధ్య మధ్య, "బాబాయ్, పొద్దుటినుంచి ఎన్ని మళ్ళయినాయి?" అని పలుకరించుడు. సరిగా చెప్పినచో మంచిది. తికమకగా చెప్పినను, చిరాకుపడి సంబంధము లేని మాట లాడినను, నడక తూలినను అది వడదెబ్బయే. ఒళ్ళు పొడిగా నుండవలెనను నియమము లేదు. పనిచేయుచు పడిపోయినవానికి చాలసార్లు చెమట కారుచునే యుండును.

వెంటనే ఒకరు 108కి ఫోను చేయవలెను. బండి వచ్చువరకు ఊరక చూచుచు కూర్చుండరాదు. మొదటి అరగంటలో ఒళ్ళు చల్లబరచుటయే ప్రాణము నిలుపును. గుడ్డలు వదులుచేసి, బోరు నీరైనను, కాలువ నీరైనను తలనుండి పాదములవరకు బిందెలకొలది పోయుడు. కాగిన ఒంటిమీద చన్నీళ్ళు పోయరాదని పెద్దలు అడ్డుపడుదురు. ఈ ఒక్క విషయమున వారి మాట వినరాదు. పల్నాటి పొడిగాలిలో తడిపి విసరిన చాలవరకు పనిజరుగును. ఉక్కలో విసనకర్ర ఒక్కటే చాలదు, చెమట ఆరనట్లే ఆ నీరును త్వరగా ఆరదు. కావున ఎడతెగక పోయుచునే యుండవలెను. పశువుల తొట్టి దగ్గరలో నున్నచో శుభ్రమైన నీరు నింపి మెడవరకు అందులో కూర్చుండబెట్టుడు. ఇద్దరు చంకలక్రింద పట్టుకొని తల నీటిపైన నుండునట్లు చూడవలెను. ఐసు దొరకినచో నీటిలో వేయుడు. స్పృహ సరిగా లేనివాని నోట నీరు గాని, సోడా గాని, జ్వరపు మాత్ర గాని వేయరాదు. వాంతి యగుచున్నచో ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. బండి ఎక్కించిన తరువాత కూడ తడిపిన దుప్పటి మీదనుండి తీయరాదు.

కోలుకొని ఇల్లు చేరినవాడు రెండుమూడు దినములకే బాగున్నానని చేనికి బయలుదేరును. వైద్యుడు సరేయనువరకు అతనిని పనికి పిలువవద్దు. ఆ తరువాత కూడ అతనిని క్రొత్తవానిగానే ఎంచి, అయిదవ వంతు పనితోనే మొదలుపెట్టించవలెను.