ప్రొస్టేట్ గ్రంథి పెరుగుదల – మేదస్సుతో దాని సంబంధం

అరవై దాటిన పురుషులు నా వద్దకు వచ్చినపుడు ముందుగా నిద్రలేమి గురించి, నీరసం గురించి చెబుతారు. రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తున్నారని అడిగితే గాని అసలు బాధ బయటపడదు. సన్నని ధార, ఆగి ఆగి రావడం, ఇంకా మిగిలి ఉన్నదనే భావన – వీటిని ముసలితనపు లక్షణాలుగా భావించి, సిగ్గుతో ఇంట్లోవారికి కూడా చెప్పరు. ఇది ప్రమాదకరమైన మౌనం. మూత్రం చాలాకాలం నిలువ ఉంటే మూత్రపిండాలు దెబ్బతినవచ్చును.

ప్రొస్టేట్ గ్రంథి మూత్రాశయం క్రింద, మూత్రనాళాన్ని చుట్టి ఉంటుంది. యౌవనంలో దాని బరువు సుమారు 20 గ్రాములు. వయసుతోపాటు అది పెరిగి నాళాన్ని నొక్కుతుంది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో వర్ణించిన 12 మూత్రాఘాతాలలో 'వాతాష్ఠీల'ను దీనితో పోల్చవచ్చును.

మేదస్సు చేసే కీడు

టెస్టోస్టిరాన్ ఈ గ్రంథిలో డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారి, దాని పెరుగుదలకు తోడ్పడుతుంది. పొట్టలోని కొవ్వు కూడా ఊరక ఉండదు. టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. శోథను రగిలించే పదార్థాలను రక్తంలోనికి వదులుతుంది. ఇన్సులిన్ మోతాదు పెరగడానికి కారణమవుతుంది. ఇవన్నీ గ్రంథి పెరుగుదలతో ముడిపడి ఉన్నవని ఆధునిక పరిశోధకులు గుర్తించారు. పెరిగిన మేదస్సు మార్గాలను నిరోధించి వాయువును ప్రకోపింపజేస్తుందని చరకుడు ఏనాడో చెప్పాడు. అయితే సన్ననివారికి కూడా ఈ వ్యాధి రావచ్చునని మరువరాదు.

ఆచరించవలసినవి

1. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు మించకుండా చూసుకోవాలి. ప్రతిదినం అరగంట వేగంగా నడవాలి.

2. రాత్రి భోజనం మితంగా, పెందలకడ ముగించాలి. నీరు పగటిపూట తగినంత త్రాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించాలి. సాయంత్రం కాఫీ, టీ మానాలి.

3. మూత్రవేగాన్ని ఆపుకొనరాదు. మలబద్ధకం ఏర్పడకుండా జాగ్రత్తపడాలి.

4. జలుబు మాత్రలలో కొన్ని మూత్రాన్ని బంధిస్తాయి. వైద్యుని అడుగకుండా వాడరాదు.

5. పది గ్రాముల పల్లేరుకాయల ముతక పొడిని 160 మిల్లీలీటర్ల నీటిలో నాలుగవ వంతు మిగిలేలా కాచి, వడగట్టి ఉదయం త్రాగడం మా సంప్రదాయం. ఇది ఉపశమనం కొరకే. పెరిగిన గ్రంథిని కరిగిస్తుందని నేను చెప్పను. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు, మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు వైద్యుని సలహా లేనిదే తీసుకొనరాదు.

హెచ్చరిక

ఈ పెరుగుదల కాన్సర్ కాదు. కాని రెండింటి లక్షణాలూ ఒకేలా ఉండవచ్చు గనుక ఏ మందైనా మొదలుపెట్టే ముందు వైద్యుని సంప్రదించి, ఆయన సూచించిన మేరకు పి.ఎస్.ఎ. రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. మూత్రం పూర్తిగా బంధించినా, రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా కషాయాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గృహిణులు తమ ఇంటి పెద్దలు రాత్రి పదే పదే లేవడం గమనిస్తే, వారే అడిగి వైద్యుని వద్దకు పంపించాలి.