శింశుపా వృక్షముపై నుండి చెప్పిన కథ

నవవిధ భక్తులలో శ్రవణమునకు మొదటి స్థానము. శ్రవణము జరుగవలెనన్న చెప్పువాడు కావలెను. పరీక్షిత్తునకు శుకుడు లభించెను. నైమిశారణ్యమున శౌనకాది మహర్షులకు సూతుడు లభించెను. ఇరువురును చెప్పినది ఒక్క భాగవతమే. కాని శుకుని యెదుట నున్నవాడు ఏడు దినములలో దేహము విడువనున్న రాజు. సూతుని యెదుట నున్నవారు దీర్ఘసత్రమునకు దీక్ష వహించి, తీరికగా కూర్చున్న మునులు. వినువారెవరో, వారికెంత కాలమున్నదో తెలియక కథ చెప్పబూనుట, రోగిని చూడక మందిచ్చుట వంటిది.

హైదరాబాదు నగరమున అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములలో నేడు హరికథ చెప్పు దాసుగారి యెదుట ఎవరుందురు? ముందు వరుసలో శ్రీనగర్ కాలనీ, ద్వారకాపురి కాలనీల నుండి వచ్చిన పెద్దలు. వీరు చిన్ననాట తమ యూళ్లలో తెల్లవారు జాము వరకు పందిళ్లలో కూర్చుండి కథలు విన్నవారు. వారి వెనుక పిల్లలతో వచ్చిన గృహస్థులు. అందరి వెనుక, చెప్పులు విడువనా వద్దా యని గుమ్మము కడ సందేహించుచు నిలిచిన యువకులు. కరీంనగరము, ఖమ్మము, అనంతపురము, శ్రీకాకుళముల నుండి చదువులకై వచ్చి, హాస్టళ్లలో నుండి, మైత్రీవనము చుట్టుపట్ల నున్న కోచింగు సెంటర్లలో పాఠములు ముగించుకొని, భుజమున సంచితో వచ్చినవారు వీరు. 2017 నవంబరులో అమీర్‌పేటకును, 2018 సెప్టెంబరులో పంజాగుట్టకును మెట్రో రైలు వచ్చినది మొదలు ఈ ప్రాంతమున సాయంకాలపు రాకపోకలు మరింత పెరిగినవి. గుమ్మము కడ నిలిచిన యువకుడు పది నిమిషములుండును. ఆ పది నిమిషములలో కథ అతనిని లోపలికి పిలిచినదా, సాగనంపినదా?

దాసుగారి కష్టమును చెప్పవలెను. సభకు నిర్ణయించిన కాలము రెండు గంటలు. అందులో జ్యోతి వెలిగించుటకు, అధ్యక్షోపన్యాసమునకు, శాలువలకు, దాతల పేర్లు చదువుటకు సగము పోవును. మిగిలిన గంటలో రుక్మిణీ కల్యాణమంతయు చెప్పవలెను. అప్పుడు చాలమంది చేయునదేమనగా, పద్యములు తగ్గింతురు, కీర్తనకు ఒక చరణమే పాడుదురు, సభచేత గోవింద నామము పలికించుట ఒకటి రెండు మార్లతో సరిపెట్టుదురు. పిట్టకథలు మాత్రము విడువరు. పిట్టకథకు నవ్వు వెంటనే వచ్చును, చప్పట్లు వెంటనే వచ్చును. రుక్మిణి బ్రాహ్మణుని చేత సందేశమంపి, అతడు తిరిగి రాక, ఎదురు చూచిన యా రాత్రి మాత్రము చెప్పకయే గడచిపోవును. పెండ్లి భోజనముల హాస్యము చెప్పి రుక్మిణి నిరీక్షణమును విడిచిన కథ హరికథ యెట్లగును? కాలము తక్కువైనపుడు ఏది విడువవలెనో తెలిసికొనుట కథకుని విద్యలో కఠినమైన పాఠము. ఆ పాఠము నేర్పిన గురువు శ్రీమద్రామాయణమున నున్నాడు.

సుందరకాండమున హనుమంతుడు శింశుపా వృక్షముపై ఆకుల చాటున నున్నాడు. క్రింద సీతమ్మ. చుట్టును రాక్షస స్త్రీలు. రావణుడు గడువు పెట్టి పోయినాడు. తన జడనే ఉరిత్రాడుగ చేసికొని ప్రాణము విడువవలెనన్నంత దుఃఖము ఆ తల్లిని కమ్ముకొన్నది. ఇట్టి శ్రోత, ఇట్టి సభ మరెవనికిని రాలేదు. మాటాడకున్న ఆమె ప్రాణము నిలువదు. తప్పుగా మాటాడినచో ఆమె భయపడి కేక వేయును, రాక్షసులు మేల్కొందురు, కార్యము చెడును.

అప్పుడు హనుమంతుడు చేసిన ఆలోచన కథకులందరును మరల మరల చదువదగినది. మొదటి ఆలోచన భాషను గురించి. ద్విజునివలె సంస్కృతము పలికినచో ఈమె నన్ను రావణుడే యని తలచి బెదరును. కావున అర్థవంతమైన మనుష్య భాషలో పలుకవలెను అనుకొనెను. నవ వ్యాకరణములు నేర్చినవాడని లోకము చెప్పుకొను హనుమంతుడు, తన పాండిత్యమును ప్రక్కన బెట్టిన ఘట్టమిది. తాము పండితులమని తలచు దూతలే కార్యములు చెరుతురని కూడ ఆ సమయముననే అతడు తలపోసెను. సంస్కృతము చదివినవారికి ఈ మాట కొంచెము గుచ్చుకొనును; గుచ్చుకొనవలసినదే.

రెండవది, ఎక్కడ మొదలిడవలెననునది. తన్ను గురించి మొదలిడలేదు. సముద్రము దాటిన సాహసముతో మొదలిడలేదు. దశరథుడను రాజుండెనని మొదలిడెను. ఆ పేరు సీతమ్మకు మామగారి పేరు. లంకలో నెలల తరబడి ఆమె వినని, వినగోరిన పేరు. వినువారికి ముందే తెలిసిన, ప్రియమైన చోట నుండి కథ బయలుదేరినది. పిమ్మట రాముడు, వనవాసము, జనస్థానమున ఖరదూషణ వధ, మాయామృగము, సీతాపహరణము, సుగ్రీవ సఖ్యము, వాలి వధ, వానరుల అన్వేషణము, సంపాతి మాట, నూరు యోజనముల సముద్రము. ఇంత కథయు ఒక చిన్న సర్గలో ముగిసినది! తనకు రాముడు చెప్పిన గుర్తులు గల దేవిని కంటినని పలికి, అక్కడ ఆగెను. సీతమ్మ కురులు కమ్మిన ముఖమెత్తి శింశుపా వృక్షము వైపు చూచెను.

అమీర్‌పేటలో గంట కాలములో కథ చెప్పవలసి వచ్చినదని చింతించు దాసుగారు ఈ సర్గను ఎదుట పెట్టుకొని చూడవచ్చును. హనుమంతుడు ఏమి విడిచెను? కిష్కింధలో వానకాలమును విడిచెను. సుగ్రీవుని ఆలస్యమును, లక్ష్మణుని కోపమును విడిచెను. స్వయంప్రభ గుహను విడిచెను. ఇవన్నియు రసవంతములే, వేరొక సభలో వేరొక రాత్రి చెప్పదగినవే. కాని ఆ శ్రోతకు ఆ క్షణమున అక్కరలేదు. రాముని పేరును మాత్రము విడువలేదు.

ఆ విధముగనే రుక్మిణీ కల్యాణమును గంటలో చెప్పవలసి వచ్చినచో, శిశుపాలుని పెండ్లివారి విడిది తగ్గింపవచ్చును. రుక్మి గర్వోక్తులు తగ్గింపవచ్చును. పిట్టకథ ఒకటి చాలును, అదియును సందేశమును వివరించునదై యుండవలెను. సందేశ పద్యములను తగ్గింపరాదు. ఇంగ్లీషు మాధ్యమమున చదివిన పిల్లలకు పోతన పద్యము తెలియదు గదా యని కొందరి వాదము. తెలియనిచో తెలియజేయవలెను. పద్యమును ముందు శ్రుతిలో పూర్తిగా పాడి, పిమ్మట ఒక్కొక్క పాదము విడదీసి, నేటి మాటలలో దాని భావమును చెప్పి, మరల ఒక్కసారి పద్యము పాడినచో, రెండవసారి ఆ బాలుడు పద్యమునే వినును. ఇందుకు పట్టునది నాలుగు నిమిషములు. ఒక పిట్టకథకు ఇంతకంటె ఎక్కువయే పట్టును.

ఇక గొంతు సంగతి. కిష్కింధకాండమున హనుమంతుని మొదటి పలుకులు విని రాముడు లక్ష్మణునితో మెచ్చుకొనిన లక్షణములివి: మాట మిక్కిలి పెరుగలేదు, అర్థమున సందేహము లేదు, సాగదీయలేదు, త్వరపడలేదు, అపశబ్దమొక్కటి లేదు, వక్షమున పుట్టి కంఠమున వెలువడినది, స్వరము మధ్యమము, కన్నులలో, నుదుట, కనుబొమలలో ఏ వికారమును లేదు. పంజాగుట్ట చౌరస్తా సమీపమున కథ చెప్పువారికి ఇందులో మధ్యమ స్వరమను మాట ముఖ్యము. బయట మోటారు కూతలు వినబడినంతనే దాసుగారు స్వరము పెంచుదురు, మైకు పెట్టినవాడు ఇంకను పెంచును, పెద్దలు చెవులు మూసికొందురు. రొదతో పోటీపడి గెలిచిన గొంతు లేదు. కరుణ ఘట్టమున స్వరము దించి, ఒక్క క్షణమాగి చెప్పినచో సభయే చెవి యొగ్గి నిశ్శబ్దమగును. శింశుపా వృక్షము కడ కూడ హనుమంతుడు ఆమెకు వినబడునంత మాత్రమే, మధురముగ పలికెను.

ఇట్లన్నందున హరికథ కేవలము మాటల విద్య యని భావింపరాదు. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) తెలుగునాట ఈ కళకు నిండు రూపము కల్పించిరి. కాళ్లకు గజ్జెలు, చేత చిడతలు, మెడలో పూలదండ. సంగీతము, సాహిత్యము, నృత్యము, అభినయము, అన్నియు ఒక్క మనిషియందే. 1919లో విజయనగరమున సంగీత కళాశాల నెలకొల్పినపుడు దానికి ఆయనయే ప్రథమాధ్యక్షులు. మైకు వాడుకలోకి రాకముందే ఆయన వేల జనుల యెదుట కథలు చెప్పిరి. పిమ్మట గోదావరి తీరమున కపిలేశ్వరపురమున సర్వరాయ హరికథా పాఠశాల వెలసి, ఎందరో బాలికలకు ఈ విద్య నేర్పినది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలోను హరికథ బోధింతురు. 2023లో కోట సచ్చిదానంద శాస్త్రిగారికిని, 2024లో సంస్కృత హరికథలు చెప్పు డి. ఉమామహేశ్వరిగారికిని పద్మశ్రీ పురస్కారములు లభించినవి. కళ అంతరించినదని వాపోవువారు ఈ సంగతులను గమనింపవలెను.

పాఠశాలలో నేర్చిన తరువాతి సాధన ఎట్లుండవలెను? శ్రుతి, లయల అభ్యాసము నిత్యము జరుగవలసినదే; దానిని గురించి చెప్పనక్కరలేదు. ఎక్కువమంది చేయని సాధన మరొకటి కలదు. కథ ముగిసిన మరునాడు, సభలో నున్న ఒక బాలునిగాని, గృహిణినిగాని పిలిచి, నిన్నటి కథను నీవు చెప్పుమని యడిగి, మారు పలుకక వినుట. వారు మరచిన చోట దాసుగారు తొందరపడినారు. వారు వేరుగ చెప్పిన చోట దాసుగారి మాట సందిగ్ధముగ నున్నది. పిట్టకథ మాత్రమే గుర్తుండి, అది ఏ ఘట్టమున వచ్చినదో గుర్తులేనిచో, ఆ పిట్టకథ అక్కడ ఉండదగినది కాదు. ఇట్లు పది సభల తరువాత కథ తనంత తానే దారికి వచ్చును. ఇందుకు కావలసినది చెప్పువాడు వినువాడగుట. అది సులభము కాదు. వ్యాసపీఠముపై కూర్చుండుటకు అలవాటు పడినవానికి మరింత కష్టము.

భాగవత దశమస్కంధమున రోమహర్షణుని వృత్తాంతము కలదు. వ్యాసుని శిష్యుడు, పురాణములన్నియు తెలిసినవాడు, విన్నవారికి రోమాంచము కలిగించువాడు గనుక ఆ పేరు. తీర్థయాత్రలో బలరాముడు నైమిశమునకు రాగా మునులందరు లేచిరి, పీఠముపై నున్న రోమహర్షణుడు లేవలేదు. బలరాముడు దర్భకొనతో అతనిని సంహరించెను. మునులు ఆ పీఠమును తామే అతనికిచ్చితిమని, సత్రము ముగియు వరకు ఆయువు నొసగితిమని చెప్పి విలపించిరి. అప్పుడు అతని కుమారుడైన ఉగ్రశ్రవసుని బలరాముడు వక్తగా నియమించెను. తండ్రి కూర్చున్న పీఠమున కూర్చుండి, ఆ మునులకే సూతుడు కథ కొనసాగించెను. శౌనకుడు అడిగినపుడెల్ల ఆగి, అడిగినదానికి బదులు చెప్పి, మరల కథలోనికి వచ్చెను.

హనుమంతుని కథ విన్న తరువాత కూడ సీతమ్మ వెంటనే నమ్మలేదు. కల యని తలచెను. రావణుని మాయ యేమో యని శంకించెను. రాముని రూపలక్షణములు చెప్పుమని యడిగెను. హనుమంతుడు విసుగు చెందలేదు. చెట్టు దిగి వచ్చి, నమస్కరించి, అడిగినవన్నియు ఓపికతో చెప్పిన పిమ్మటనే ఉంగరము చేతికిచ్చెను. అమీర్‌పేట సభలో మంగళము పాడి, శాలువ మడచి, గజ్జెలు విప్పుకొనుచున్న దాసుగారి కడకు సంచి భుజమున గల యువకుడొకడు వచ్చి, “అయ్యా, రుక్మిణి పంపిన ఆ బ్రాహ్మణుడు మరల వచ్చి ఏమి చెప్పెను? నేను ఆలస్యముగ వచ్చితిని” అని అడిగినచో, కారు వేచియున్నను, ఆ గజ్జెలను ప్రక్కన పెట్టి కూర్చుండి చెప్పవలెను.