చదివింది గుర్తుండాలా? ఇలా కార్డులు రాసుకోండి!

పదో తరగతికో, నీట్‌కో, గ్రూప్స్‌కో చదివేవాళ్లున్న ఇంట్లో నోట్సుకు కొదవుండదు. పరీక్షనాటికి గుర్తుండటం లేదన్నదే బాధ. ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ తిరగేసే బదులు, పుస్తకం మూసి మనల్ని మనమే ప్రశ్నించుకుంటే చదివింది ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకు ఫ్లాష్‌కార్డులు చక్కటి సాధనం.

1. పాఠం అర్థమయ్యాకే కార్డు రాయండి. లేదంటే మిగిలేది బట్టీయే.

2. పాత శుభలేఖలను చిన్న ముక్కలుగా కత్తిరిస్తే కార్డులు సిద్ధం. అచ్చు లేని వైపు తెల్ల కాగితం మడిచి అంటించి, పైన ప్రశ్న, మడత లోపల జవాబు రాయండి.

3. కార్డుకు ఒకటే ప్రశ్న. ‘కృష్ణా నది విశేషాలు’ అని రాస్తే ఎటూ తేలదు. ‘కృష్ణ ఎక్కడ పుడుతుంది?’ అని ఒక కార్డు (మహాబలేశ్వర్ దగ్గర), ‘నాగార్జునసాగర్ ఏ నదిపై ఉంది?’ అని ఇంకొకటి రాయండి.

4. తికమకపెట్టే విషయాలకు తేడా ప్రశ్నలోనే తెలియాలి. ‘రాష్ట్రం ఎప్పుడు ఏర్పడింది?’ అంటే ఏ రాష్ట్రం? ‘కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం?’ అంటే 1953 అక్టోబరు 1. ‘హైదరాబాద్ రాజధానిగా ఆంధ్రప్రదేశ్?’ అంటే 1956 నవంబరు 1.

5. జవాబు పైకి చెప్పాకే మడత విప్పండి. చూశాక ‘ఇది నాకు తెలుసు’ అనిపించడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు.

6. మూడు డబ్బాలు పెట్టుకోండి. మొదటి దాంట్లోవి రోజూ, రెండో దాంట్లోవి మూడు రోజులకోసారి, మూడో దాంట్లోవి వారానికోసారి చూడాలి. జవాబు వస్తే కార్డు తర్వాతి డబ్బాలోకి, రాకపోతే తిరిగి మొదటి దాంట్లోకి. సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో తన జర్మన్ పుస్తకంలో ఐదు అరలతో చెప్పిన పద్ధతే ఇది. ఇంట్లో మూడు చాలు.

7. చూసే ముందు కార్డులను పేకముక్కల్లా కలపండి. వరుస అలవాటైతే జవాబు కాకుండా వరుసే గుర్తుంటుంది.

8. ఒకే కార్డు మాటిమాటికీ తప్పుతుంటే దాన్ని చించేసి, రెండు చిన్న ప్రశ్నలుగా తిరగరాయండి.

9. కార్డులు వందలు దాటితే అంకి యాప్ వాడొచ్చు. ఏది ఏ రోజు చూడాలో అదే చెబుతుంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితం.

ఒకేరోజు వంద కార్డులు రాసి అటకెక్కిస్తే ప్రయోజనం లేదు. ఇవాళ్టి పాఠానికి ఐదు రాయండి, రేపు పొద్దున్నే వాటిని చూడండి. రోజూ పది నిమిషాలు కేటాయిస్తే చాలు.