డెలావేర్ ఒడ్డుకు పిల్లాపాపలతో వెళ్తున్నారా?

1776 డిసెంబరు 25 రాత్రి జార్జ్ వాషింగ్టన్ 2,400 మంది సైనికులతో మంచుగడ్డలు తేలుతున్న డెలావేర్ నదిని దాటి దిగిన ఒడ్డు, నేటి న్యూజెర్సీలోని వాషింగ్టన్ క్రాసింగ్ స్టేట్ పార్కు. ఏప్రిల్, మే నెలల్లో మనవాళ్లు పులిహోర డబ్బాలు సర్దుకుని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్తుంటారు. తప్పక వెళ్లాల్సిన చోటే. కాకపోతే ఆ రోజుల్లోనే అక్కడి గడ్డిలో టిక్‌లు కాచుకుని ఉంటాయి. మన పశువులను పట్టే పిడుదుల జాతివే ఇవి. పిల్ల టిక్ గసగసాల గింజంతే ఉంటుంది, కుట్టినా నొప్పి తెలియదు. లైమ్ జబ్బు వచ్చేది దీనివల్లే.

చేయవలసినవి

లేతరంగు ఫుల్ ప్యాంటు వేసి, అంచులు సాక్సుల్లోకి దోపండి. ఫొటోలకు పట్టులంగా వేసినా లోపల లెగ్గింగ్స్ ఉండాలి. పెద్దవాళ్లకు బూట్లు వేయించండి, కూర్చోవడానికి మడతకుర్చీ తీసుకెళ్లండి.

ఇంటికి రాగానే, రెండు గంటల్లోపు అందరూ స్నానం చేయాలి. చెవుల వెనక, జుట్టు కుదుళ్లలో, చంకల్లో, బొడ్డులో, మోకాళ్ల వెనక వేలితో తడిమి చూడండి. అమ్మమ్మ మొహమాటపడినా వదలొద్దు. బట్టలను ఉతకడానికి ముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి.

టిక్ కనబడితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా, నిటారుగా లాగండి. తర్వాత సబ్బుతో కడగండి. ఒక రోజు దాటకముందే తీసేస్తే లైమ్ సోకే ప్రమాదం చాలా తక్కువ.

చేయకూడనివి

టిక్‌కు కిరోసిన్, వాజెలిన్ పూయకండి, అగ్గిపుల్లతో కాల్చకండి, మెలితిప్పకండి.

ఎండ కాస్తోంది కదా అని పిల్లల్ని నదిలోకి దిగనివ్వకండి. గాలి వెచ్చబడినా నీళ్లు ఇంకా బాగా చల్లగానే ఉంటాయి. పైకి నిమ్మళంగా కనిపించినా లోపల ప్రవాహం లాగేస్తుంది. పక్కనున్న కాలువగట్టు మీదా చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.

మూడేసి ఆకుల పాయిజన్ ఐవీని ముట్టుకోకండి. జీడిమామిడి కుటుంబపు మొక్క అది, తగిలితే ఒళ్లు పొక్కిపోతుంది.

పార్కుకు వెళ్లొచ్చాక మూడు రోజుల నుంచి నెలలోపు జ్వరం వచ్చినా, ఎర్రమచ్చ పెరుగుతూ పోయినా తేలిగ్గా తీసుకోకండి. ఆపాటికి అమ్మానాన్నలు ఇండియా వెళ్లిపోయి ఉంటే, న్యూజెర్సీ పార్కులో తిరిగిన సంగతి అక్కడి డాక్టరుకు తప్పక చెప్పమనండి. చెప్పకపోతే లైమ్ సంగతి ఆయనకు తట్టకపోవచ్చు.