ఇంకా చూడని చోటు ఏదైనా మిగిలిందా?

ఈ వారం వీడియోలో సుందరకాండ 13వ సర్గ చూశాం కదా. ఆ పాఠం నాకు మొదట నేర్పింది మాత్రం ఒక క్రికెట్ మ్యాచ్.

2010 అక్టోబర్ 5. మా ఊరు వేంసూరు. నాకు పన్నెండేళ్లు. జ్వరమని బడి మానేసి తాతయ్యతో టీవీ ముందు కూర్చున్నా. ఆస్ట్రేలియాతో మొహాలీ టెస్టు చివరి రోజు. మన లక్ష్యం 216, స్కోరు 8 వికెట్లకు 124. నేను టీవీ కట్టేశా. తాతయ్య మళ్లీ పెట్టించారు. "ఒరేయ్, ఆట అయిపోయిందని అంపైర్ చెప్పాడా, నువ్వు చెప్తున్నావా?"

క్రీజులో మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్. నడుం నొప్పితో పరుగెత్తలేక రన్నర్‌ని పెట్టుకున్నాడు. తోడుగా ఉన్నది బౌలర్ ఇషాంత్ శర్మ. ఇద్దరూ 81 పరుగులు జోడించారు. ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. లక్ష్మణ్ 73 నాటౌట్.

అదృష్టమా?

ఒక్కసారైతే అదృష్టమే అనుకోవచ్చు. కానీ 2001 మార్చిలో కోల్‌కతాలోనూ ఇదే జరిగింది. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా, 274 పరుగులు వెనకబడిన మనల్ని ఫాలోఆన్ ఆడించింది. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. నాలుగో రోజంతా ఒక్క వికెట్ కూడా పడలేదు. విశ్రాంతి లేకుండా బౌలింగ్ చేసిన వాళ్లు అలిసిపోయారు. ఐదో రోజు హర్భజన్ మిగతా పని పూర్తి చేశాడు.

274 పరుగులు ఒక్క బంతికి ఎవరూ కొట్టలేరు. ఈ బంతిని ఆడగలరు, అంతే. ఇంకో సంగతి, పక్కవాడి మీద నమ్మకం. మొహాలీలో లక్ష్మణ్ ఆడింది 79 బంతులు, ఇషాంత్ ఆడింది 92!

హనుమంతుడు చేసింది ఇదే

లంకంతా వెతికినా సీతమ్మ కనబడలేదు. తిరిగి వెళ్తే ఏమవుతుందో ఊహించుకుని ప్రాణం వదిలేద్దామనుకునేంత నిరాశ. అప్పుడు ఆయన వేసుకున్న ప్రశ్న "గెలుస్తానా?" అని కాదు, "వెతకని చోటు ఏదైనా మిగిలిందా?" అని. అశోకవనం మిగిలింది.

ప్రతిసారీ గెలుస్తామా?

లేదు. 2025లో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు ఇండియానా పేసర్స్ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో 15 పాయింట్లు వెనకబడి, 0.3 సెకన్లు మిగిలుండగా వేసిన బుట్టతో గెలిచింది. అంతకుముందు రౌండ్లలోనూ అలాగే చాలా గెలిచింది. కానీ ఏడో మ్యాచ్‌లో ఓడింది, టైటిల్ పోయింది. గీత రెండో అధ్యాయం చెప్పేదీ అదే కదా: పని మన చేతిలో ఉంది, ఫలం లేదు.

ఇది రాయడానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం నా ఉద్యోగం పోయింది. తొమ్మిది ఇంటర్వ్యూలు తప్పాను. పదోదానికి కాల్ వస్తే ఎత్తలేదు. టీవీ కట్టేసిన ఆ పిల్లాడే మళ్లీ! అప్పటికి తాతయ్య లేరు. ఆయన మాట గుర్తొచ్చి మర్నాడు నేనే ఫోన్ చేశా. ఆ ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేశారు. నాకు దొరకడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అయినా ఆ ఫోన్ చేసిన రోజే నేను తిరిగి ఆటలోకి వచ్చాను.

ఈ వారం సాధన: "అయిపోయింది" అని మీరు వదిలేసిన ఒక పని తీసుకోండి. అందులో ఇంకా చూడని చోటు ఒక్కటి కాగితం మీద రాయండి. రేపు పొద్దున్నే అక్కడికి వెళ్లండి.

జై హనుమాన్!